వేడెక్కితే లోహంగా మారే ఆక్సైడ్.. గుట్టు విప్పుతున్న కాంతి

న్యూఢిల్లీ: మే, జూన్ నెలల్లో ఢిల్లీ ఉష్ణోగ్రత తరచూ 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. నోయిడా, గురుగ్రామ్‌లలోని అద్దాల భవనాల్లోకి వెలుతురుతో పాటు వేడీ చొరబడి ఏసీల భారం పెరుగుతుంది. వెలుతురును రానిస్తూనే ఎండాకాలంలో వేడిని అడ్డుకుని, చలికాలంలో దాన్ని లోపలికి అనుమతించే గాజు సాధ్యమేనా? ఇందుకోసం శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్న పదార్థాల్లో వెనేడియం డయాక్సైడ్ ముఖ్యమైనది.

సుమారు 68 డిగ్రీలకు దిగువన ఇది విద్యుత్తును సరిగా ప్రవహించనివ్వని బంధకం. ఆ హద్దు దాటితే లోహంలా ప్రవర్తిస్తుంది. చల్లారితే మళ్లీ బంధకమవుతుంది. నాణ్యమైన స్ఫటికాల్లో విద్యుత్ వాహకత లక్ష రెట్ల వరకు మారుతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఎఫ్.జె. మోరిన్ 1959లో ఈ మార్పును వెల్లడించారు. భారత్‌లో భారతరత్న సీఎన్ఆర్ రావు ఐఐటీ కాన్పూర్, బెంగళూరు ఐఐఎస్సీలలో ఇటువంటి ఆక్సైడ్లపై దశాబ్దాలుగా పరిశోధించారు.

రెండు వివరణలు

ఈ మార్పునకు కారణమేమిటి? మెట్రో బోగీలో ప్రతి సీటులోనూ ఒకరు కూర్చుని, పక్క సీటులోకి జరగలేని స్థితిని ఊహించండి. ఎలక్ట్రాన్లు సైతం పరస్పర వికర్షణ వల్ల ఇలాగే కదలలేకపోవచ్చని బ్రిటన్ శాస్త్రవేత్త నెవిల్ మాట్ 1949లో ప్రతిపాదించారు. ఆయనకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. వెనేడియం పరమాణువులు జంటలుగా చేరి స్ఫటిక నిర్మాణమే మారడం అసలు కారణమన్నది రెండో వాదన. ఈ పదార్థంలో రెండూ దాదాపు ఒకేసారి జరుగుతాయి. అందుకే చర్చ ఇంకా ముగియలేదు.

కాంతి చెప్పే సాక్ష్యం

లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు పరారుణ కాంతిని పరావర్తనం చేస్తాయి. బంధకంలో ఎలక్ట్రాన్లను కదిలించాలంటే కాంతికి కనీసం కొంత శక్తి ఉండాలి. వెనేడియం డయాక్సైడ్‌లో అది సుమారు 0.6 ఎలక్ట్రాన్ వోల్టులు. వేడి చేస్తూ కాంతిని కొలిస్తే ఈ శక్తి అంతరం మూసుకుపోవడం కనిపిస్తుంది. బంధకం మధ్య సూక్ష్మమైన లోహపు మడుగులు పుట్టి, విస్తరించి, కలిసిపోతాయని 2007లో పరారుణ చిత్రణతో తేలింది.

68 డిగ్రీల హద్దు కిటికీలకు మరీ ఎక్కువ. కొద్దిగా టంగ్‌స్టన్ కలిపితే అది గది ఉష్ణోగ్రత సమీపానికి దిగుతుంది. అయితే వేడిని నియంత్రించే సామర్థ్యమూ తగ్గుతుంది. గాజుకు పసుపు, గోధుమ ఛాయ రావడం మరో చిక్కు. సామర్థ్యం కోల్పోకుండా హద్దును దించాలంటే, మార్పును నడిపేది ఎలక్ట్రాన్ల వికర్షణా, పరమాణువుల జతకట్టడమా అన్నది ముందు తేలాలి. కాంతి పరిశోధనల ప్రాధాన్యం అక్కడే ఉంది.