ప్రవాసియైన చిత్రకారుడు



దేశము విడిచిన చిత్రకారుని కుంచె ఏ యూరిని వ్రాయును? తానున్న యూరినా, విడిచివచ్చిన యూరినా?

దక్షిణాఫ్రికాకు చెందిన నల్లజాతి చిత్రకారుడు జెరార్డ్ సెకోటో, నావలెనే బడిపంతులుగా నుండినవాడు, 1947లో పారిసు నగరమునకు వెడలెను. 1993లో ఫ్రాన్సులోనే మరణించెను. స్వదేశమునకు మరల రాలేదు. పారిసులో నుండియు తనవారి వీధులను, స్త్రీలను జ్ఞాపకమునుండి వ్రాయుచుండెను.

హిమాయత్‌నగర్‌లో నివసించు నాకు, మన హైదరాబాదుతో సంబంధముగల మరియొకరు జ్ఞప్తికి వచ్చుచున్నారు. ఆయన మక్బూల్ ఫిదా హుసేన్. 1915లో పండరీపురమున జన్మించెను. ఊహ తెలియక మునుపే తల్లి గతించినది. ఆమె ముఖ మాయనకు జ్ఞప్తి లేదు. కావుననే ఆయన వ్రాసిన మాతృమూర్తులలో ననేకులకు ముఖరేఖలు లేవు. బొంబాయిలో సినిమా ప్రకటన పటములు వ్రాసి పొట్టపోసికొనెను.

1960ల దశకమున రామమనోహర్ లోహియా గారు, శ్రీమంతుల గోడలకు పటములు వ్రాయుట కాదు, సామాన్యజనులకు రామాయణము వ్రాసి చూపుమని ఆయనకు బోధించిరి. హైదరాబాదు వాసులగు బదరీవిశాల్ పిత్తీ గారు అందులకు తోడ్పడిరి. ఆ పటములను ఎడ్లబండ్లపై హైదరాబాదు పరిసర గ్రామములకు గొనిపోయి పరచి చూపినట్లు హుసేన్ స్వయముగా చెప్పెను. రామకథ నెరిగిన పల్లెవారికి వ్యాఖ్యాత కావలసి రాలేదు.

పిమ్మట దేవతామూర్తులను గూర్చిన కొన్ని చిత్రములపై వివాదము రేగెను. కొందరు మనస్తాపము నొందిరి. వ్యాజ్యములు నడచెను, బెదరింపులు వచ్చెను. ఆ తగవు తీర్చుట నా పని గాదు. 2006లో ఆయన దేశము విడిచెను. 2010లో ఖతార్ పౌరసత్వము స్వీకరించెను. రాముని వనవాసమునకు పదునాలుగేండ్ల గడువుండెను. రామకథను చిత్రించిన యీ వృద్ధుని ప్రవాసమునకు గడువు లేదు.

ఆ దినములలో ఆయన కుంచె ఏమి వ్రాసినది? భారతీయ నాగరికతను 96 ఫలకములలో చిత్రింప సంకల్పించెను. మూడేసి ఫలకముల కూర్పులు ఎనిమిది మాత్రమే పూర్తియైనవి. ఆ చిత్రమాలలో విఘ్నేశ్వరుడు, మన పండుగలు, ఢిల్లీ, కాశీ, కలకత్తా నగరములు, గృహస్థుల సంసారములు గలవు. 2011 జూన్ 9న లండనులో ఆయన కన్నుమూసెను.

పెద్దలారా! మన గ్రామముల బిడ్డలును దూరదేశములలో నున్నారు. వారింటి గోడపై నే పటమున్నదో యడుగుడు. వారి మనసెచట నున్నదో తెలియును. వారికి తిరిగివచ్చు త్రోవ యున్నది. అది లేనివానికి పటమే యిల్లు.