నిద్ర కూడా దేవుని దానమే

ఉపవాస ప్రార్థన రోజున మధ్యాహ్నం దాటేసరికి తల పగిలిపోతోందని చెప్పే యువతీయువకులు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. అది ఆకలి బాధ అనుకుంటారు. కాని పోటీ పరీక్షలకు చదివే పిల్లలను కాస్త ఆరా తీస్తే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. ఆ రోజు వారు కాఫీ తాగలేదు! రోజూ అలవాటైన కాఫీ ఆగిపోతే 12 నుండి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, నీరసం మొదలై కొందరిలో వారం దాకా కొనసాగుతాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీన్ని ఒక రుగ్మతగా చేర్చింది. మనకు తెలియకుండానే మనల్ని ఏలుతున్నదేమిటో ఉపవాసం ఇలా బయటపెడుతుంది.

అయితే కాఫీ తాగడం పాపమా? కానే కాదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఎన్నో గిరిజన కుటుంబాలకు అన్నం పెడుతోంది. దేవుడు మొలిపించిన గింజలో దోషం లేదు. కాని విశ్వాసికి స్వేచ్ఛ ఉన్నా, తాను దేనికీ లొంగిపోనని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (1 కొరింథీ 6:12). కాబట్టి కప్పులో ఏముందన్నది కాదు, ఎవరు ఎవరిని ఏలుతున్నారన్నదే ప్రశ్న!

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవారైనా, హాస్టల్లో వైద్యవిద్య చదివేవారైనా రాత్రి తొమ్మిదికి కాఫీతో పుస్తకం తెరుస్తారు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ, ఇక పడుకొమ్మని శరీరానికి చెబుతుంది. కాఫీలోని కెఫీన్ ఆ కబురు అందకుండా అడ్డుపడుతుంది. అంటే అది అలసటను తీర్చదు, కేవలం దాచిపెడుతుంది. సుమారు ఐదు గంటల తర్వాత కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది. పగలు చదివింది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే గనుక, నిద్ర మానేసి చదవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే! మర్నాటి మత్తు వదలడానికి మళ్లీ కాఫీ, ఆ రాత్రికి మళ్లీ జాగారం. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టే ఇది.

దీని వెనకున్నది రుచి కాదు, భయం! నాన్న చేసిన అప్పు, తోటివారి ర్యాంకు, ఎప్పుడొస్తుందో తెలియని నోటిఫికేషన్. అంతా తన మెలకువ మీదే ఆధారపడి ఉందని ఆ బిడ్డ నమ్ముతున్నాడు. వేకువనే లేచి, రాత్రి పొద్దుపోయేదాకా కష్టపడినా దేవుడు లేని ప్రయాస వ్యర్థమని, తన ప్రియులకు ఆయన నిద్రనిస్తాడని 127వ కీర్తన బోధిస్తోంది. ఇది సోమరితనానికి అనుమతి కాదు. చేయవలసింది చేసి, మిగిలింది దేవునికి అప్పగించి పడుకోవడం కూడా విశ్వాసమే!

యెజెబెలుకు భయపడి పారిపోయి, బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ బలంతోనే అతడు నలభై దినాలు నడిచి హోరేబు చేరాడు (1 రాజులు 19). అలసిన సేవకునికి దేవుడిచ్చిన మొదటి ఔషధం ప్రసంగం కాదు, విశ్రాంతి.

విద్యార్థులారా, కాఫీని ఒక్కసారిగా మానేసి బాధపడకండి. రోజుకు కొంచెం కొంచెంగా తగ్గించండి. మధ్యాహ్నం తర్వాత ముట్టకండి. గుండెదడ, నిద్రలేమి వేధిస్తుంటే వైద్యుణ్ని కలవండి. పరీక్షల ముందు హాల్ టికెట్ల మీద చేతులుంచి ప్రార్థించే సంఘ పెద్దలు, తల్లిదండ్రులు ఇంకొక్క ప్రశ్న కూడా అడగాలి: "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా?" ర్యాంకు వచ్చినా రాకున్నా నువ్వు మా బిడ్డవేనని ఆ ప్రశ్న చెబుతుంది. రెప్పవాల్చని కాపరి మనకున్నాడు. ఆయన మేలుకొని ఉన్నాడు గనుక మన పిల్లలు నిశ్చింతగా నిద్రపోవచ్చు!