రెక్క ఎముక ఏం చెబుతుంది? – వేటాడే పక్షుల వలస

జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు తరచూ ఎదురైన వాక్యం ఒకటుంది: "రెక్క ఎముకలు పొడవుగా ఉన్న పక్షులు దూరప్రాంతాలకు వలసపోతాయి." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తప్పు. ఎందుకు తప్పో పరిశీలిద్దాం.

పక్షి రెక్కలో భుజాస్థి, రత్ని, అరత్ని కలిసి బాహుభాగం. కార్పోమెటాకార్పస్, వేలి ఎముకలు కలిసి హస్తభాగం. ద్వితీయ ఈకలు అరత్నికి, ప్రాథమిక ఈకలు హస్తానికి అంటుకొని ఉంటాయి.

రాబందుల్లో, స్టెప్పీ గద్దలో బాహుభాగం బాగా పొడవు. అరత్ని పొడవైతే ద్వితీయ ఈకలకు చోటు పెరుగుతుంది, రెక్క వైశాల్యమూ పెరుగుతుంది. వేడిగాలి పైకి లేచేచోట రెక్కలాడించకుండా సుడులు తిరుగుతూ ఎత్తుకు చేరి, అక్కడినుంచి జారుతూ ముందుకు సాగడానికి ఇది అనువు. అయితే ఈకలు ఎముకకు వెనుకవైపు విస్తరించి ఉంటాయి కనుక, గాలి ఒత్తిడి ఎముకను వంచడమే కాక మెలిపెడుతుంది కూడా. తడిబట్ట పిండటాన్ని గుర్తు తెచ్చుకోండి. తక్కువ బరువుతో మెలిని తట్టుకోగల ఆకారం పలుచని గోడలున్న గుండ్రటి గొట్టం. భుజాస్థిని అడ్డంగా కోస్తే కనిపించేది దాదాపు అదే.

ఇక అమూర్ ఫాల్కన్‌ను చూడండి. బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. సైబీరియా ఆగ్నేయ ప్రాంతంలో, ఉత్తర చైనాలో గుడ్లు పెట్టి, చలికాలానికి ఆఫ్రికా దక్షిణ భాగానికి చేరుతుంది. 2013లో నాగాలాండ్‌లో ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అమర్చిన పక్షులు ద్వీపకల్ప భారతం మీదుగా వెళ్లి అరేబియా సముద్రాన్ని ఆగకుండా దాటాయి. సముద్రంపై నేలమీద ఉన్నంత బలమైన వేడిగాలి దొరకదు, రెక్కలాడించక తప్పదు. దీని రెక్క మొన దేలి ఉంటుంది. ఆ మొన బాహువుది కాదు, హస్తానిదీ ప్రాథమిక ఈకలదీ. స్టెప్పీ గద్ద కూడా ఖండాలు దాటే వలసపక్షే, కానీ వీలైనంతవరకు నేలమీదుగానే చుట్టూ తిరిగి పోతుంది.

ఇప్పుడు మన తెలంగాణలోని పాలరాపు కొండచరియపై గూళ్లు కట్టిన రాబందులను తీసుకోండి. బాహువు ఎంతో పొడవు. ఆహారం కోసం రోజూ చాలా దూరం తిరుగుతాయి, కానీ ఋతువును బట్టి ఖండాలు దాటవు.

అంటే ఎముక ప్రధానంగా తెలిపేది ఎగిరే తీరును. ఎంత దూరమన్నది కాదు. పైగా ఈకలు రాలిపోయిన అస్థిపంజరంలో రెక్క మొన ఆకారం సగం మాయమవుతుంది. దగ్గరి బంధుత్వం ఉన్న జాతుల ఎముకలు వలసతో పనిలేకుండానే ఒకేలా ఉండవచ్చని కూడా మరవకండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ఒక గద్ద భుజాస్థి, అరత్ని మాత్రమే మీకు ఇచ్చి, అది వలసపక్షా కాదా అని అడిగితే, జవాబు చెప్పే ముందు ఇంకా ఏయే వివరాలు కోరతారు?