సగంలో ఆగిన క్విల్టులు: అపోహలు – వాస్తవాలు

క్విల్టులు కుట్టే అలవాటున్న ఇంట్లో సగంలో ఆగిన మూటలు లేకపోవడం అరుదు. కత్తిరించి వదిలేసిన గుడ్డలు, నాలుగు బ్లాకులు (ముక్కలు అతికిన చదరాలు) కుట్టి ఆపేసినవి, అంచు పట్టీ ఒక్కటే మిగిలినవి ఏడాదికేడాదీ పెరుగుతూ పోతాయి. అమెరికా, బ్రిటన్‌లలో వీటిని ‘యూఎఫ్ఓ’లని (అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్స్, అంటే పూర్తికాని వస్తువులు) పిలుచుకుంటారు. ఇవి పెరిగినకొద్దీ కుట్టే మనిషి తనను తాను నిందించుకోవడమూ పెరుగుతుంది. ఆ నింద చాలావరకు అన్యాయం. పని ఆగేది మనిషి గుణం వల్ల కాదు, పని తీరు మారే చోట. ఆ చోటు ఏదో గుర్తిస్తే మూటల్ని ఎలా సర్దాలో కూడా తెలుస్తుంది. గుర్తించకుండా ఎన్ని పెట్టెలు కొన్నా మూటలు ఒక మూల నుంచి ఇంకో మూలకు మారతాయి, అంతే.

అపోహ: పనులు పేరుకుపోయేది బద్ధకం వల్ల. వెనకటి ఆడవాళ్లు మొదలుపెట్టింది వదిలేవారు కాదు.

క్విల్ట్‌కు మూడు పొరలు. ముక్కలు అతికి చేసిన పై పొర (టాప్), మధ్యలో దూది, కింద అడుగు గుడ్డ. ముక్కలు అతకడం ఒడిలో పెట్టుకుని, పిల్లల్ని చూసుకుంటూ చేసుకోగలిగిన పని. మూడు పొరల్ని కలిపి కుట్టడం పూర్తిగా వేరే పని. పాత రోజుల్లో దానికి సాధారణంగా గదినంతా ఆక్రమించే చట్రం, నలుగురి చేతులు కావాల్సి వచ్చేవి. 19వ శతాబ్దపు అమెరికాలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒకచోట చేరి కుట్టే ‘క్విల్టింగ్ బీ’లు అంత ప్రసిద్ధి చెందడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ చేతులు దొరకనప్పుడు పై పొర అలాగే పెట్టెలో ఉండిపోయేది. పాత వస్తువులు అమ్మే దుకాణాల్లో, మ్యూజియంలలో దూది పెట్టని పాత టాప్‌లు, విడి బ్లాకులు నేటికీ విరివిగా కనిపిస్తాయి. 1920లలో, 30లలో అమెరికాలో ఎంతో పేరు పొందిన షడ్భుజాల నమూనా ‘గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్’ది కూడా అదే కథ. బ్రిటన్‌లో కాగితం ముక్క మీద గుడ్డ మడిచి కుట్టే పద్ధతి ఉంది. పని పూర్తయితే ఆ కాగితాల్ని సాధారణంగా లాగేస్తారు. ఆగిపోయిన వాటి వెనక పాత ఉత్తరాలు, లెక్కల కాగితాలు, వార్తాపత్రికల ముక్కలు అలాగే మిగిలాయి. అవి ఏ కాలం నాటివో తేల్చడానికి చరిత్రకారులకు ఆ కాగితాలే ఆధారమవుతున్నాయి. వెనకటివాళ్లూ వదిలేశారు, విరివిగానే వదిలేశారు.

మన బొంతను దీని పక్కన పెట్టి చూస్తే కారణం ఇంకా స్పష్టమవుతుంది. పాత చీరలు, పంచెలు నేల మీద పొరలుగా పరిచి, చుట్టూ కచ్చా కుట్టు వేసి, వరుసలుగా కుట్టుకుంటూ పోతారు. పై పొరను విడిగా తయారుచేసి దాచే దశ అందులో లేదు. ఉత్తర కర్ణాటకలోని సిద్దీ స్త్రీలు కుట్టే కవంద్ అనే దుప్పట్లలో ముక్కలుంటాయి కానీ, వాటిని అడుగు గుడ్డ మీదే అంచు నుంచి నడిమి వైపు కుడుతూ వస్తారు. అతకడం, పొరలు కలపడం ఒకే కుట్టుతో జరిగిపోతాయి. ఇలాంటి పద్ధతుల్లో పని ఆగితే ఒక్క దుప్పటి ఆగుతుంది. టాప్‌ల దొంతర తయారవదు. తేడా పద్ధతిలో ఉంది, ఓపికలో కాదు. ఇప్పటి కుట్టు మెషిన్లు వచ్చినా, అతకడం నుంచి పొరలు కలపడానికి మారే ఆ పాత మలుపు పోలేదు. ముక్కలు అతకడం చిన్న మెషిన్ మీద సులువు. పెద్ద మంచానికి సరిపడే మూడు పొరల్ని చుట్టి దాని చేయి కిందికి దూర్చడం మాత్రం ఒళ్లు నొప్పుల పని. పెద్ద క్విల్టుల పొరలు కలిపి కుట్టే లాంగ్‌ఆర్మ్ మెషిన్ ఉన్నవాళ్లకు ఇద్దామంటే చదరపు అంగుళాల లెక్కన డబ్బు కట్టాలి. కాబట్టి మూటల్ని రంగును బట్టో వయసును బట్టో కాక, ఆగిన దశను బట్టి విడదీయాలి. కత్తిరించినవి, బ్లాకులైనవి, టాప్‌లైనవి, పొరలు కలిపి పిన్నీసులు పెట్టినవి, అంచు పట్టీ మిగిలినవి. ఏ కుప్ప పెద్దదో అక్కడే అసలు ఇబ్బంది. టాప్‌ల కుప్ప పెద్దదైతే కావలసింది పట్టుదల కాదు. పొరలు పరచడానికి పెద్ద బల్లో, లాంగ్‌ఆర్మ్‌కు కొంత డబ్బో, ఇంకో మనిషి సాయమో కావాలి.

అపోహ: మొదలుపెట్టిందల్లా పూర్తి చేయాల్సిందే. లేకపోతే పెట్టిన డబ్బు, శ్రమ వృథా.

ఆ డబ్బు, ఆ శ్రమ ఎలాగూ తిరిగిరావు. ఇప్పుడు ఖర్చు కాబోయేది మిగిలిన గంటలు మాత్రమే. హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఒకే నాటక సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చారు. పూర్తి ధర పెట్టినవాళ్లు సీజన్ తొలి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అందరికీ అవే. వాళ్లను నడిపించింది అప్పటికే ఖర్చయిపోయిన డబ్బు. ఇష్టం తీరిపోయిన నమూనాను ఖరీదైన గుడ్డ కొన్నామన్న కారణంతో మోస్తూ ఉండడం కూడా ఇలాంటిదే.

గుడ్డ పారేయడం పాపం కాదా అనే అభ్యంతరం గట్టిదే. చిరిగిన చీరను కూడా బొంతలోకి వాడుకున్న సంస్కృతి మనది. ఆ ప్రశ్న మనకు సహజంగానే వస్తుంది. కానీ నమూనాను వదలడం వేరు, గుడ్డను వదలడం వేరు. అమెరికాలోని వెర్మాంట్‌కు చెందిన జేన్ స్టికిల్ 1863 నాటి తన క్విల్ట్‌లో 5,602 ముక్కలు వాడింది. 1996లో ‘డియర్ జేన్’ పుస్తకం వచ్చాక ఎందరో దాన్ని చూసి అలాంటిదే మొదలుపెట్టారు. అలా మొదలుపెట్టి పది బ్లాకుల దగ్గర ఆగినవాళ్లు వాటి చుట్టూ వెడల్పాటి పట్టీలు వేస్తే పసిపాప దుప్పటి అవుతుంది. కత్తిరించని గుడ్డ తిరిగి నిల్వలోకి పోతుంది. ఇష్టం ఉన్నవాళ్లకు టాప్ ఇచ్చేస్తే వాళ్లు పూర్తి చేస్తారు. ఒక తరం అతికిన టాప్‌ను ఇంకో తరం కుట్టి ముగించడం క్విల్టుల చరిత్రలో కొత్తేమీ కాదు. వదిలేస్తే మళ్లీ కొత్త గుడ్డలు కొని ఇంకో కుప్ప పెడతారని కొందరంటారు. కొనడం అదుపు చేయాల్సిన విషయమే. దాన్ని అదుపు చేయడానికి ఇష్టం లేని దుప్పటిని నెలల తరబడి కుట్టించడం మందు కాదు.

అపోహ: పూర్తయ్యేదాకా మనసు కుదుటపడదు.

ఆగిన పనులు పూర్తయిన వాటికన్నా ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రకటించింది. తర్వాతి ప్రయోగాల్లో ఆ ఫలితం నిలకడగా రాలేదు. మసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు 2011లో చూపిన విషయం మనకు ఎక్కువ అక్కరకొస్తుంది. తీరని లక్ష్యం మనసును పదేపదే పీకుతుంది, కానీ దానికి నిర్దిష్టమైన ప్రణాళిక వేసుకుంటే చాలు, పని పూర్తి కాకుండానే ఆ పీకులాట తగ్గుతుంది. అందుకే మూటకు కట్టే చీటీ పెట్టె కన్నా విలువైనది. నమూనా పేరు, మొదలుపెట్టిన ఏడాది, ఇంకా కావలసిన గుడ్డ, వాడిన దారం రాయాలి. వీటన్నిటికీ పైన తర్వాత చేయాల్సిన ఒక్క పని రాయాలి. “పూర్తి చేయాలి” అని కాదు, “మూడో వరుసను నాలుగో వరుసకు కలపాలి” అన్నంత స్పష్టంగా. ఏ మెషిన్ మీద, ఏ ఫుట్‌తో కుట్టారో కూడా రాయడం అవసరం. కుట్టు మార్జిన్ అంగుళంలో పదహారో వంతు మారినా ఒక్కో కుట్టు దగ్గర రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు తేడా వస్తుంది. వరుసలో ఎనిమిది కుట్లుంటే అంగుళం తేడా. రెండేళ్ల తర్వాత వేరే మెషిన్ మీద కుట్టిన బ్లాకులు పాతవాటితో కలవకపోవడానికి ఇదొక కారణం. ప్రింట్ గుడ్డలు ఎప్పటికీ దొరుకుతాయనే నమ్మకం లేదు. కాబట్టి అడుగు గుడ్డ, అంచు పట్టీ గుడ్డ కూడా అదే మూటలో చేర్చాలి.

అపోహ: పెట్టెలో పెట్టేశాం కదా, ఎన్నేళ్లయినా భద్రం.

అన్నిటికన్నా నష్టం చేసే అపోహ ఇదే. సగంలో ఆగిన క్విల్ట్ పూర్తయిన దానికన్నా సున్నితమైనది. తాత్కాలికంగా పెట్టినవన్నీ అందులోనే ఉండిపోతాయి. పొరల్ని పట్టి ఉంచిన పిన్నీసులు తేమకు తుప్పు పట్టి మరకలు వేస్తాయి, ఆ మరకలు పోవడం కష్టం. గీతల కోసం అంటించిన టేపు జిగురు వదులుతుంది. నీళ్లతో పోయే నీలి పెన్ను గీతలు ఇస్త్రీ వేడి తగిలితే శాశ్వతంగా ఉండిపోవచ్చు. ముక్కలు బిగువుగా ఉండాలని పెట్టిన గంజి సిల్వర్‌ఫిష్ పురుగులకు ఆహారం. చెక్క బీరువా, అట్టపెట్టె నుంచి వచ్చే ఆమ్లం నూలు గుడ్డను పసుపు రంగుకు తిప్పుతుంది. పీవీసీ సంచులు మేలు చేయవు. పాలీప్రొపిలీన్ డబ్బా నయం. దానికన్నా ఉతికిన పాత నూలు దుప్పట్లో చుట్టడం మేలు. మన ఇళ్లలో పట్టుచీరల మడతలు మారుస్తూ ఉండాలంటారు. టాప్‌లకూ అదే నియమం. ఒకే మడత మీద ఏళ్లు గడిస్తే అక్కడ పోగులు బలహీనపడతాయి. వెలుతురు రంగుల్ని తినేస్తుంది. బెన్నింగ్టన్ మ్యూజియంలో ఉన్న జేన్ స్టికిల్ క్విల్ట్‌ను ఏటా కొద్ది వారాలు మాత్రమే చూపించడానికి కారణం అదే.

పాత టాప్‌లలో గోధుమరంగు, నల్లరంగు ముక్కలే ముందుగా పొడిపొడిగా రాలడం చాలామంది గమనించే ఉంటారు. నాసిరకం గుడ్డ అని అనుకుంటారు. ఆ రంగులు చాలావరకు ఇనుప లవణాలతో పట్టించినవి. ఆ ఇనుమే పోగును లోలోపల తినేస్తుంది. కలంకారీలో బెల్లపు నీళ్లలో పాత ఇనుము నానబెట్టి నలుపు తయారుచేస్తారు. కోరమండల్ తీరం నుంచి వెళ్లిన పాత అద్దకపు గుడ్డల్లో నల్ల గీతల వెంటే గుడ్డ చినగడానికీ ఇదే రసాయనం కారణం. వారసత్వంగా వచ్చిన పాత టాప్‌ను పూర్తి చేసే ముందు ఆ ముక్కల్ని తడిమి చూడాలి. పోగు చచ్చిపోయి ఉంటే కుట్టకండి, ఉతకకండి, అలాగే దాచండి.

అపోహ: పాతదానితో మొదలుపెట్టాలి. అది ముగిసేదాకా కొత్తది ముట్టకూడదు.

వయసు ప్రమాణం కాదు. కొత్తదాన్ని నిషేధిస్తే కుట్టడమే ఆగిపోతుంది. ముందు ప్రమాదంలో ఉన్నవి, తర్వాత ముగింపుకు దగ్గరగా ఉన్నవి, ఆ తర్వాత మనసుకు నచ్చినవి.

కాబట్టి ఈ వారం ఏదీ పూర్తి చేయనక్కర్లేదు. పిన్నీసులున్న మూటలు మాత్రం బయటికి తీయండి. పిన్నీసులు తీసి వాటి స్థానంలో దారంతో కచ్చా కుట్టు వేయండి, టేపు ఊడదీయండి, నీలి గీతల మీద చన్నీళ్లు చల్లి పోగొట్టండి. తర్వాత ఒక చీటీ మీద ఆ మూటకు చేయాల్సిన తర్వాతి పని రాసి కట్టండి.