బొమ్మకారు చెప్పు పాఠము

1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను తీగ లేకుండ నడిపి చూపినాడు. నేటి బాలుని రిమోటు కారు ఆ పడవకు మనుమరాలు.

పాత కార్ల ట్రాన్స్‌మిటర్లు పెక్కు 27 మెగాహెర్ట్‌జ్‌లపై పనిచేయును. తరంగపు పొడవు సుమారు 11 మీటర్లు. ఒకే మైదానమున ఇద్దరు ఒకే పౌనఃపున్యమును వాడిరా, ఒకని ఆజ్ఞకు రెండవవాని కారు పరుగిడును! 2.4 గిగాహెర్ట్‌జ్‌ల పరికరములందు రిసీవరు తన జత ట్రాన్స్‌మిటరు మాటనే వినును. తరంగము 12.5 సెంటీమీటర్లే గనుక బారెడు ఏంటెన్నాయు అక్కరలేదు. అయితే ట్రాన్స్‌మిటరుతోపాటు రిసీవరునూ మార్చవలెను.

కారు కదలనంతనే పారవేయనేల? బ్యాటరీలు కారి లోహపు పలకలపై తెల్లని పొర కట్టుట తరచు కనబడు లోపము. అది ఆల్కలైన్ బ్యాటరీలదైనచో, వానిని తీసివేసి, నిమ్మరసము అద్దిన దూదితో తుడిచి ఆరనిచ్చిన పోవును. ఆ మూత విప్పిన విద్యార్థికి భౌతిక, రసాయన శాస్త్రములు రెండును ఒక్కచోటనే దర్శనమిచ్చును.