ఎగురు బాతుల ఛాయాచిత్రము

టెక్కలి సమీపమున, నౌపడా చిత్తడి నేలల చెంత తేలినీలాపురమను పల్లె కలదు. అచటి చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుట పలువురు ఎరిగినదే. గూడబాతు పేరునకు బాతేగాని జాతికి కాదు. విశాలమైన రెక్కలపై తేలుచు సాగును గనుక దాని పటము తీయుట సులభము. శీతకాలమున మన నీటిపట్టులకు వచ్చు సూదితోక బాతు అట్టిది కాదు. గంటకు 72 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 20 మీటర్లు. షట్టరు సెకనులో 1,000వ వంతు మాత్రమే తెరచినను ఆ బాతు 2 సెంటీమీటర్లు కదలిపోవును. 2,000వ వంతు మేలు. కెమెరాను పక్షితోపాటు త్రిప్పుట మరియు మేలు.

బాతులు గాలికి ఎదురుగా లేచును, ఎదురుగానే దిగును. ఈశాన్యపు గాలి వీచు ఉదయమున గాలిని, ఎండను వీపున ఉంచుకొని ఓపికతో నిలిచినచో పక్షి తానే మనవంకకు వచ్చును. కేకలు వేసి గుంపును లేపుట మాత్రము తగదు. ఆ అలజడికి గూడబాతులును బెదరి గూళ్ళు విడిచినచో గ్రుడ్లు కాకుల పాలగును. ఆ పల్లెవారు తరతరములుగా కాపాడుకొనుచున్న పక్షులవి!

సూదితోక మగబాతు రొమ్ము తెలుపు. పటమున అది వట్టి తెలుపై పోయినచో కంప్యూటరుపై ఎంత దిద్దినను ఈకలు తిరిగి రావు. కనుక తీయునపుడే వెలుగు కొంత తగ్గింపవలెను. గరుకును తొలగింపబోయి ఈకల గీతలు చెరుపరాదు. ముక్కునకు ముందు కొంత ఆకాశము విడువవలెను. ఇట్టి పటములను చూచి గుంపులోని తలలు లెక్కించువారు కలరు. అందముకొరకు లేని బాతును అతికించినచో ఆ లెక్క చెడును.