అందని నట్టు బిగువన!

సత్వాలో ఉండేవాళ్ళకు ఒక ధీమా ఉంటుంది. ఏది విరిగినా, ఏది ఊడినా నాలుగు సందులు తిరిగితే బాగుచేసేవాడు దొరక్కపోడు. కారు సీట్లు కుట్టేవాళ్ళు, దర్జీలు, మొక్కల వీధి చుట్టుపక్కల హార్డ్‌వేర్ కొట్లు... ఇరవై ఏళ్ళుగా ఈ సందుల్లోనే నా కాపురం. పని విమానాల వర్క్‌షాపులో మెకానిక్. మా వీధిలో నన్ను "విమానం అంకుల్" అనే పిల్లలకు ఈ కథ చెబుతానని చాలాకాలంగా మాట ఇస్తూ వచ్చాను. ఈ సంచికలో ఆ బాకీ తీర్చుకుంటున్నాను.

ఇంట్లో కట్టిన విమానం

విమానాన్ని ఇంట్లో కట్టుకోవచ్చంటే చాలామంది నవ్వుతారు. అసలు మొదటి విమానమే అలాంటిది కదా! సైకిళ్ళ కొట్టు నడిపే రైట్ సోదరులు 1903లో ఎగరేసిన విమానాన్ని స్వయంగా తామే కట్టుకున్నారు. దానికి చక్రాలు కూడా లేవు. పట్టా మీద నుంచి లేచి, చెక్క బద్దీల మీద ఇసుకలో దిగింది. అమెరికాలో ఇలా సొంతంగా కట్టుకునేవారి సంఘాన్ని పాల్ పోబెరెజ్నీ 1953లో స్థాపించారు. ఏటా వేసవిలో ఆష్‌కాష్‌లో జరిగే వాళ్ళ సంబరం మన తిరునాళ్ళను తలపిస్తుంది. వాన్స్ అనే ఒక్క కంపెనీ కిట్లతో కట్టి ఎగరేసిన విమానాలే పదకొండు వేలు దాటాయి. మనవాళ్ళూ తక్కువ తినలేదు. ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ తన మేడ మీద కట్టిన ఆరు సీట్ల విమానాన్ని 2016లో ప్రదర్శనకు పెట్టారు. కేరళకు చెందిన అశోక్ తామరాక్షన్ ఇంగ్లాండ్‌లో కోవిడ్ రోజుల్లో నాలుగు సీట్ల విమానం కట్టి, దానికి కూతురి పేరు పెట్టుకుని, 2022లో కుటుంబంతో ఆకాశంలో తిరిగారు.

మా పక్క బిల్డింగులో ఉండే ఒక ఇంజనీరుగారికీ అదే పిచ్చి. ఆయన కట్టుకున్న రెండు సీట్ల విమానం ఇక్కడికి గంటన్నర దూరంలో ఒక చిన్న ఎయిర్‌ఫీల్డులో ఉండేది. శుక్రవారాలు నేను సాయం వెళ్ళేవాణ్ణి. మా చిన్నమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. "నాన్నా, నేనూ వస్తా" అని ముందే కారెక్కి కూర్చునేది.

కట్టేటప్పుడు అందింది, మూసేశాక అందలేదు

ఆ విమానం కాళ్ళు లారీ కమాను పట్టీల్లాంటివి. మందపాటి అల్యూమినియం పట్టీ. కింది కొసన చక్రం ఉంటుంది, పై కొస విమానం పొట్టలోని పెట్టెలాంటి గూటిలోకి దూరుతుంది. ఒక్కో కాలిని రెండు బోల్టులు పట్టుకుంటాయి. బోల్టు తల కింద, బయటికి కనిపిస్తుంది. నట్టు పైన, గూటిలో ఉంటుంది. పొట్ట తెరిచి ఉన్నప్పుడు ఆ నట్లు హాయిగా చేతికి అందాయి. ఆ తర్వాత పైన నేల రేకు వేసి రివెట్లు కొట్టేశారు. మిగిలింది కోడిగుడ్డు పట్టేంత తనిఖీ రంధ్రం ఒక్కటే.

దిగిన ప్రతిసారీ విమానం బరువంతా దెబ్బలా పడేది ఆ నాలుగు బోల్టుల మీదే. అందుకే ఏటా బిగువు చూడాలి. కింద తల తిప్పితే పైన నట్టు కూడా గిరగిరా తిరుగుతుంది. నట్టును ఎవరో ఒకరు లోపల పట్టుకోవాలి. ఇంజనీరుగారి చెయ్యి మణికట్టు దాకా కూడా పోదు. నా చెయ్యీ అంతే. మొదటి ఏడాది అద్దం, టార్చిలైటు పెట్టి చూసి "బాగానే ఉన్నట్టుంది" అనుకుని ఊరుకున్నాం. తప్పు మా ఇద్దరిదీ. అందని ద్రాక్ష పుల్లన అంటారు కదా, మా విషయంలో అందని నట్టు బిగువన అయింది!

చిన్న చెయ్యి చెప్పిన నిజం

రెండో ఏడాది సత్వా సందులో ఒక చవక పానా కొని, గ్యారేజీలో కాల్చి వంచి, పొట్టిగా కోయించాను. అది కూడా నా చేతిలో ఉండగా రంధ్రంలోకి పోలేదు. మా అమ్మాయి పక్కనే నిలబడి "నా చెయ్యి పడుతుంది నాన్నా" అంది. పట్టింది. లోపల నట్టుకు పానా తగిలించి "ఊఁ, పట్టుకున్నా" అంది. నేను కింద టార్క్ పానా వేశాను. మూడు బోల్టులు కదలలేదు. నాలుగోది కొలత చేరేలోపే పావు చుట్టు తిరిగింది.

నా గుండె గుభేలుమంది. అది వదులుగా ఉందన్నమాట. అద్దంలో మళ్ళీ చూస్తే నట్టు చుట్టూ సన్నని నల్లని పొడి కనిపించింది. రెండు లోహాలు ఒకదాన్నొకటి రాసుకుంటే అల్యూమినియం అలాంటి పొడి రాలుస్తుంది. మొదటి ఏడాది దాన్ని మురికి అనుకున్నాం. బోల్టులు విప్పి, రంధ్రాలు కొలిచాం. అదృష్టం, అవి సాగలేదు. విమానం మాత్రం హ్యాంగరు దాటలేదు.

ఆ రాత్రి ఇంజనీరుగారు మా అమ్మాయికి బిర్యానీ తినిపిస్తూ "వచ్చే ఏడాది కూడా నువ్వే రావాలి" అన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. వచ్చే ఏడాదికి దాని చెయ్యి పెరుగుతుంది. ఇద్దరు మనుషుల ప్రాణం ఒక పిల్ల చేతి కొలత మీద ఆధారపడటమేమిటి?

ఏం చేశాం?

నేల రేకు కోసి పెద్ద కిటికీ పెడదామా అనుకున్నాం. ఆ రేకు మూత మాత్రమే కాదు, బరువు మోసే భాగం కూడా. కోస్తే బలం పోతుంది. బోల్టును పైనుంచి కిందికి దించి, నట్టు బయట పెడదామా? బోల్టు పొడవుకు గూటిలో చోటు లేదు. చివరికి విమానాల్లో ఎప్పటి నుంచో ఉన్న ఉపాయమే దారి చూపింది. దాని పేరు యాంకర్ నట్టు. రెండు చెవులున్న నట్టు ఇది. ఆ చెవులను రివెట్లతో రేకుకు బిగిస్తే నట్టు ఇక తిరగదు. ఇంజను మూతల నుంచి రెక్కల మూతల దాకా మరలన్నీ దిగేది ఇలాంటి నట్లలోకే.

మేం ఒక ఉక్కు పట్టీ తీసుకుని, రెండు బోల్టుల దూరంలో రెండు యాంకర్ నట్లు బిగించాం. ఒక బోల్టు విప్పితే రెండోది పట్టీని పట్టుకునే ఉంటుంది కాబట్టి పట్టీ తిరగదు. రెండూ విప్పినా లోపల పడిపోకుండా రెండు చిన్న మరలు దాన్ని గూటికి పట్టి ఉంచుతాయి. ఇందులో రివెట్ల పని నట్టు తిరగకుండా చూడటం వరకే. బరువంతా నట్టు పట్టీని నొక్కే చోట పడుతుంది. ముందు అట్టముక్కతో, తర్వాత మామూలు రేకుతో నమూనా చేసి రంధ్రంలోంచి దూరుతుందో లేదో చూసుకున్నాం. కొలతలతో బొమ్మ గీసి కిట్ కంపెనీకి రాసి, వాళ్ళు సరేనన్నాకే అసలు పట్టీ మొదలుపెట్టాం.

రెండు విషయాలు ప్రత్యేకంగా చూసుకోవాల్సి వచ్చింది. పట్టీ మందం కలిసింది కాబట్టి పాత బోల్టు పొట్టిదైంది. ఇంచిలో ఎనిమిదో వంతు పొడవైన బోల్టు తెప్పించాం. నట్టు దాటి కనీసం ఒక మర బయటికి రావాలి. ఇక బిగువు సంగతి. ఇంచిలో మూడెనిమిదో వంతు లావు బోల్టుకు సాధారణ కొలత 160 నుంచి 190 ఇంచి-పౌన్లు, అంటే సుమారు 18 నుంచి 21 న్యూటన్ మీటర్లు. తనంతట తాను వదులుకాని ఇలాంటి నట్టులో బోల్టు తిరగడానికే కొంత బలం ఖర్చవుతుంది. దాన్ని ముందు కొలిచి, పై లెక్కకు కలపాలి. కలపకపోతే పానా "చాలు" అంటుంది గానీ బోల్టు బిగియదు.

ఆ పొడవు బోల్టు వచ్చేదాకా మూడు వారాలు ఆగాం. అదే సైజుది తళతళలాడుతూ మా వీధి కొట్లో ఉంది. "ఇది పెట్టండి, ఏనుగునైనా మోస్తుంది" అన్నాడు కొట్టాయన. విమానం బోల్టు తల మీద నక్షత్రం లాంటి గుర్తు ఉంటుంది. ఏ ఉక్కు, ఎంత బలం అన్నదానికి ఆ గుర్తూ, వెంట వచ్చే కాగితమూ సాక్ష్యం. పానా బజారుదైనా పరవాలేదు. బోల్టు మాత్రం బజారుది పనికిరాదు.

మళ్ళీ ఆకాశంలోకి

అధికారం ఉన్న ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, సంతకం పెట్టాకే విమానం ఎగిరింది. మరుసటి ఏడాది తనిఖీకి మా అమ్మాయి రంధ్రంలో చెయ్యి పెట్టి చూసింది. బొటనవేలి దగ్గరే ఆగిపోయింది. "ఇక నాతో పనిలేదా నాన్నా?" అంది దిగులుగా. మునుపు ముగ్గురం సగంరోజు పడ్డ పాట్లు నేనొక్కణ్ణే అరగంటలో ముగించాను. ఆ తర్వాత ఎర్ర రంగు సీసా, సన్నని కుంచె దాని చేతికిచ్చాను. బిగించిన బోల్టు తల మీద నుంచి పక్క లోహం మీదికి ఒక గీత గీయాలి. బోల్టు కదిలితే గీత తెగుతుంది, చూసిన ఎవరికైనా తెలుస్తుంది. నాలుగు గీతలూ వంకర లేకుండా గీసింది. ఇప్పుడది కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా "గీతలు తెగలేదు కదా?" అని అడుగుతుంది.

పిల్లలూ, మీరూ చేసి చూడండి!

ఒక అట్టపెట్టెకు రెండు రంధ్రాలు చేసి, కింది నుంచి రెండు చిన్న బోల్టులు దూర్చండి. లోపల నట్లు తగిలించి, పెట్టె మూసేసి, బయటి నుంచి బిగించండి. నట్లు కూడా తిరుగుతూ మిమ్మల్ని ఏడిపిస్తాయి. ఇప్పుడు ఒక ఐస్‌క్రీం పుల్లకు అంతే దూరంలో నాన్నగారి చేత రెండు రంధ్రాలు చేయించి, వాటి మీద నట్లు గట్టిగా అతికించి, ఆరాక మళ్ళీ ప్రయత్నించండి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో అమ్మకు మీరే చెప్పండి.

ఇంట్లో పెద్దలకూ ఒక మాట. గ్యాస్ పైపు బిగువు, గీజరు వెనక వైరు, కారు స్టెప్నీలో గాలి... చెయ్యి అందక మనం చూడకుండా వదిలేసినవి ఎన్ని ఉన్నాయో ఈ శుక్రవారం ఒకసారి లెక్కపెట్టి చూడండి.